‘ఏమో’ ఉంటే ఉత్ప్రేక్షేనా? విశాఖపట్నంలో ఒక తొమ్మిదో తరగతి కేస్ స్టడీ

"ఈవేళ వాన పడుతుందేమో."

ఈ వాక్యంలో ఏ అలంకారం ఉందో రాయమని తొమ్మిదో తరగతి పిల్లలకు ఇస్తే ఎక్కువమంది ఉత్ప్రేక్ష (ఒకదాన్ని చూసి ఇంకొకటేమో అని ఊహించి చెప్పే అలంకారం) అని రాశారు. కారణం రాయమన్న చోట "ఏమో అని ఉంది కాబట్టి" అన్నారు. అసలు ఆ వాక్యంలో అలంకారమే లేదు. మబ్బు చూసి, గొడుగు పట్టుకెళ్ళాలా వద్దా అని తేల్చుకోలేని మనిషి మాట అది.

తప్పని ఎర్ర గీత పెట్టి వదిలేయొచ్చు. కానీ ఇంతమంది పిల్లలు ఒకే తప్పు ఒకే కారణంతో చేశారంటే దాని వెనక వాళ్ళు నేర్చుకున్న పద్ధతి ఒకటి ఉండి తీరాలి. ఆ పద్ధతి ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది, దాన్ని మార్చడానికి తరగతిలో ఏం చేశాం, ఏం మారింది, ఏం మారలేదు అన్నది తెలుగు చెప్పే తోటి టీచర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

బడి, పిల్లలు

మాది పాత నగరం వైపు, ఫిషింగ్ హార్బర్‌కు మరీ దూరం కాని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. పిల్లల్లో మత్స్యకార కుటుంబాల వాళ్ళున్నారు. పోర్టులో కాంట్రాక్టు పనికి వెళ్ళేవాళ్ళ పిల్లలు, పూర్ణా మార్కెట్ దుకాణాల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళ పిల్లలు ఉన్నారు. చదువు ఇంగ్లీష్ మీడియం. తెలుగుకు రోజుకో పీరియడ్. ఇంట్లో మాట్లాడేది నిక్కమైన ఉత్తరాంధ్ర తెలుగు, పుస్తకంలో ఉండేది వేరే తెలుగు. ఈ రెంటికీ మధ్య దూరం చాలామంది పిల్లలకు పెద్ద టెన్షన్.

పని మొదలుపెట్టింది బడులు తెరిచిన కొత్తలో. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. జూన్ రెండో వారంలో బడి తెరిచేసరికి హార్బర్లో ఐసు నింపడం, వలలు సర్దడం, ఇంజిన్లు చూసుకోవడం హడావుడిగా సాగుతుంటుంది. మొదటి వేటకు వెళ్ళిన బోట్లు తిరిగొచ్చే రోజుల్లో ఆ పిల్లల నోట సముద్రం తప్ప వేరే మాట ఉండదు. ఆ మాటలన్నీ ఈ పాఠానికి ముడిసరుకు అయ్యాయి.

మొదటి కాగితం

అలంకారాల పాఠం వీళ్ళకు కొత్త కాదు. కింది తరగతుల్లోనే అనుప్రాసలు, ఉపమ చదివారు. అందుకే పాఠం చెప్పకముందే ఒక కాగితం ఇచ్చాను. అందులో వాక్యాలన్నీ నేను రాసినవే. పుస్తకంలో ఉన్న ఉదాహరణ ఒక్కటి కూడా పెట్టలేదు. కొన్ని వాక్యాల్లో అలంకారం ఉంది, కొన్నింట్లో లేదు. లేకపోతే లేదని రాయొచ్చని ముందే చెప్పాను.

"మా అన్నలాగా నేనూ పోర్టులో పనిచేస్తాను" అన్న వాక్యానికి ఉపమ (ఒకదాన్ని ఇంకోదానితో పోల్చడం) అని రాశారు, ‘లాగా’ ఉంది కాబట్టి. "భీమిలి అనే ఊరు ఇక్కడికి దగ్గర" అన్నదానికి కొందరు రూపకం (రెండూ ఒకటే అనడం) అని రాశారు, ‘అనే’ ఉంది కాబట్టి. "సముద్రం మా ఇంటి అన్నం కుండ" అన్నదాన్ని చాలామంది ఖాళీగా వదిలేశారు. ‘వలె’ లేదు, ‘అనే’ లేదు, ‘ఏమో’ లేదు, ఇక పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. నిజానికి ఆ కాగితంలో అందమైన రూపకం అదొక్కటే.

అంటే పిల్లల చేతిలో ఒక తాళంచెవుల గుత్తి ఉంది. వలె, లాగా కనిపిస్తే ఉపమ. అనే కనిపిస్తే రూపకం. ఏమో, కాబోలు, అన్నట్లు కనిపిస్తే ఉత్ప్రేక్ష. ఒకే అక్షరం మళ్ళీ మళ్ళీ వస్తే వృత్త్యనుప్రాస. ఏదీ తగలకపోతే స్వభావోక్తి, అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ఈ గుత్తిని చులకన చేయడం సరికాదు. పరీక్షల్లో ఇచ్చే ఉదాహరణలు ఎక్కువగా తెలిసినవే కాబట్టి అక్కడ ఇది చాలాసార్లు పనిచేస్తుంది. పిల్లలు తెలివైనవాళ్ళు, పనిచేసే దారిని పట్టుకున్నారు. అయితే కొత్త వాక్యం ఎదురైన మరుక్షణం ఆ దారి మూసుకుపోతుంది.

ఈ కేసులో ఇద్దరు పిల్లల్ని దగ్గరగా గమనించాను. ఒకమ్మాయి తరగతిలో మొదటి వరస. అలంకారాల లక్షణాలన్నీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది. ఆమె కాగితం నిండా జవాబులున్నాయి, అలంకారం లేని ప్రతి వాక్యంలోనూ ఏదో ఒక అలంకారం పేరు రాసింది. రెండో పిల్లవాడు హార్బర్ వైపు నుంచి వస్తాడు. కాగితం దాదాపు ఖాళీ. పేరు రాసి ఇచ్చేశాడు.

ఆ తర్వాత అతనితో మామూలుగా మాట్లాడుతూ, "మీ నాన్న నిన్న వేటకి వెళ్ళాడా?" అని అడిగాను.

"లేదండి. సముద్రం ఒప్పుకోలేదు."

"ఒప్పుకోలేదని ఎవరన్నారు?"

"మా తాత. రాత్రంతా గొణుగుతానే ఉందన్నాడు."

ఖాళీ కాగితం ఇచ్చిన పిల్లవాడి ఇంట్లో మాటలు ఇవి. ఈ తరగతిలో లోటు ఎక్కడుందో అప్పుడు స్పష్టమైంది. అలంకారం వాడడం కొందరికి పుట్టుకతో వచ్చింది, పేర్లు రావు. ఇంకొందరికి పేర్లన్నీ వచ్చు, ఆ పేరు దేనికి పెట్టారో తెలియదు.

పాఠం వరస మార్చాం

అలంకారం చెప్పడానికి మనకు అలవాటైన క్రమం ఒకటుంది. ముందు లక్షణం, తర్వాత ఉదాహరణ, చివర సమన్వయం, అంటే ఆ లక్షణం ఉదాహరణలో ఎలా కుదిరిందో చూపడం. పరీక్షలో జవాబు కూడా అదే వరసలో ఉంటుంది. జవాబు రాయడానికి ఆ క్రమం బాగుంటుంది, నేర్చుకోవడానికి బాగోదని నా నమ్మకం. లక్షణం బట్టీ పట్టిన పిల్లలు సమన్వయాన్ని కూడా బట్టీ పడతారు. ఆలోచించవలసిన చోటు సమన్వయమే. అది కూడా కంఠస్థం అయిపోతే ఆలోచనకు చోటెక్కడిది?

అందుకని వాక్యం ముందు, సమన్వయం తర్వాత, పేరు ఆ తర్వాత, లక్షణం అన్నిటికంటే చివర పెట్టుకున్నాం. సమన్వయం కూడా పుస్తకం మాటల్లో వద్దు, సొంత మాటల్లో చెప్పాలి. దానికి మూడు ప్రశ్నలు. మనం మాట్లాడుతున్నది దేని గురించి? దాని దగ్గరికి దేన్ని తెచ్చి పెట్టాం? ఆ రెంటినీ ఎలా కలిపాం: పక్కపక్కన పెట్టి పోల్చామా, రెండూ ఒకటే అన్నామా, అదేనేమో అని ఊహించామా?

మొదటి దానికి ఉపమేయం అని పేరు, రెండో దానికి ఉపమానం అని పేరు. పోలిస్తే ఉపమ, ఒకటే అంటే రూపకం, ఊహిస్తే ఉత్ప్రేక్ష. ఈ పేర్లను కొన్ని తరగతులు గడిచాక గానీ బోర్డు మీద రాయలేదు.

అందరూ రోజూ చూసే వస్తువు కావాలి కాబట్టి యారాడ కొండను తీసుకున్నాం. లైట్‌హౌస్‌తో సహా సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కొండను డాల్ఫిన్ నోస్ అంటారని పిల్లలందరికీ తెలుసు. అంటే కొండకు ఉన్న ఆ పేరులోనే ఒక పోలిక దాగుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. అదే కొండ మీద మూడు రకాల వాక్యాలు రాయమన్నాను. "యారాడ కొండ నీళ్ళలోకి ముక్కు చాచిన పెద్ద చేపలా ఉంది" అన్నది ఒక జట్టు. "యారాడ కొండ మన ఓడరేవు కాపలాదారు" అన్నది ఇంకో జట్టు. మూడో జట్టు చాలాసేపు తర్జనభర్జన పడి "వచ్చే ఓడల్ని లెక్కపెడుతోందా అన్నట్టు యారాడ కొండ సముద్రంలోకి తొంగిచూస్తోంది" అని రాసింది. వస్తువు ఒకటే, చూపు మూడు రకాలు. ఆ మూడు వాక్యాలూ సంవత్సరమంతా తరగతి గోడ మీద ఉన్నాయి.

ఉత్ప్రేక్ష దగ్గర ముడి

అందరూ చిక్కుపడిన చోటు ఉత్ప్రేక్షే. అందుకని ఇక్కడే ఎక్కువసేపు ఆగాం. హార్బర్ పిల్లవాడి ఇంటి మాటలు రెండు బోర్డు మీద రాశాను, మొదటిది వాళ్ళ నాన్నది, రెండోది నానమ్మది.

"నీళ్ళు వేడెక్కాయేమో, చేపలు లోతుకి పోయాయి."

"సముద్రానికి మా మీద అలకేమో, ఒక్క చేపా ఇవ్వలేదు."

రెంటిలోనూ ‘ఏమో’ ఉంది. రెండూ ఒకటేనా అని అడిగాను. మొదటి వరస అమ్మాయి ఠక్కున "రెండూ ఉత్ప్రేక్షే టీచర్" అంది. హార్బర్ పిల్లవాడు వెనక నుంచి, "కాదండి, మొదటిదాంట్లో మా నాన్న నిజంగానే అలా అనుకుంటన్నాడు. రెండోదాంట్లో సముద్రం అలగదని మా నానమ్మకి తెల్దేటండీ?" అన్నాడు.

ఈ మొత్తం కేసులో నాకు అన్నిటికంటే విలువైన వాక్యం ఇదే. ఉత్ప్రేక్ష ప్రాణం అతని మాటలో ఉంది. మాట్లాడేవాడికి అది నిజం కాదని తెలుసు, తెలిసీ కావాలని అలా ఊహిస్తాడు. మన అలంకారశాస్త్రం చెప్పినవాళ్ళు దీన్ని ఆహార్యం అన్నారు. కాదని తెలిసి ఉండగా, ఇష్టపడి తెచ్చుకున్న ఊహ అని. వాన పడుతుందేమో అన్నవాడికి వాన సంగతి నిజంగా తెలియదు, అందుకే అది వట్టి సందేహం. సముద్రానికి అలకేమో అన్న నానమ్మకు అంతా తెలుసు.

ఆ రోజు నుంచి తరగతిలో ఒక ప్రశ్న వాడుకలోకి వచ్చింది: "అన్నవాళ్ళకి తెలుసా, తెలీదా?" ‘ఏమో’ ఎక్కడ కనిపించినా పిల్లలు ముందు ఈ ప్రశ్న వేసుకోవడం మొదలుపెట్టారు. ఇది రూపకానికి కూడా పనికొస్తుంది. సముద్రం అన్నం కుండ కాదని అన్నవాళ్ళకి తెలుసు, విన్నవాళ్ళకీ తెలుసు.

ఉపమ విషయంలోనూ ఇలాంటి గీటురాయి ఒకటి శాస్త్రంలోనే ఉంది. గవయం అనే అడవి జంతువు ఆవులా ఉంటుంది అంటే పోలిక చెప్పినట్టే. అయినా దాన్ని ఉపమాలంకారం అనరు, చమత్కారం లేదు కాబట్టి. ఎప్పుడూ చూడని జంతువును గుర్తుపట్టడానికి ఇచ్చిన ఆనవాలు అది. "మా అన్నలాగా నేనూ పోర్టులో పనిచేస్తాను" కూడా అలాంటిదే. ఇది విన్నాక మొదటి వరస అమ్మాయి తన కాగితం అడిగి తీసుకుని, ఉపమ అని రాసినవన్నీ మళ్ళీ చదువుకుంది. ఎవరూ చెయ్యమనకుండా చేసిన పని అది.

సమాన ధర్మం కనిపించని చోట

ఉపమలో నాలుగు భాగాలుంటాయి: ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం. "లంగరేసిన బోట్లు ఉయ్యాల్లో పసిపిల్లల్లా ఊగుతున్నాయి" అంటే నాలుగూ ఉన్నాయి. బోట్లు ఉపమేయం, పసిపిల్లలు ఉపమానం, ఊగడం సమాన ధర్మం, ‘లా’ వాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదైనా లోపిస్తే లుప్తోపమ. ఇంతవరకు పిల్లలు సులువుగానే పట్టుకున్నారు.

అయితే లోపించడం అంటే తక్కువవడం అని వాళ్ళ ఉద్దేశం. పూర్ణోపమకు పూర్తి మార్కులు, లుప్తోపమకు కొన్ని కట్ అన్నట్టు. అది సరికాదని చూపించడానికి "వాడు సొరచేప లాంటివాడు" అన్న వాక్యం ఇచ్చాను. ఇందులో సమాన ధర్మం లేదు. సొర లాంటివాడు అంటే ఎలాంటివాడు? ప్రతి ఒక్కరూ విడిగా రాయాలి, పక్కవాళ్ళది చూడకూడదు.

కొందరు వేగంగా వస్తాడని రాశారు. సినిమాలు బాగా చూసేవాళ్ళు రక్తం వాసన పట్టి వచ్చేవాడని, క్రూరుడని రాశారు. ఒకమ్మాయి ఎవరితోనూ కలవడని రాసింది. హార్బర్ పిల్లవాడు "వల చింపేసి పోతాడు" అన్నాడు. అతని ఇంట్లో సొర అంటే భయం కంటే నష్టం. వల బాగుచేసుకోవడానికి పట్టే రోజులు, ఆ రోజుల్లో రాని డబ్బు.

ఒక్క ధర్మం చెప్పకుండా వదిలేస్తే ఇన్ని అర్థాలు వచ్చాయి. చెప్పనిదాన్ని చదివేవాడు తన బతుకులోంచి తెచ్చి పూరిస్తాడు. కవి కావాలని ఆ ఖాళీ వదులుతాడని, లుప్తోపమ బలం అక్కడే ఉందని చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. ఈ తరగతి పీరియడ్ దాటి ఇంటర్వెల్లోకి వెళ్ళింది, పిల్లలు లేవలేదు.

పాత్ర, దృక్కోణం

సొర దగ్గర మొదలైన చర్చ మమ్మల్ని కథలోకి తీసుకెళ్ళింది. కథకు పాత్రలు, నేపథ్యం, సంఘటనలు, సంఘర్షణ, దృక్కోణం ముఖ్యం అని పిల్లలు చదువుకునే ఉన్నారు. ఆ పేర్లు కూడా పట్టికలా తలలో ఉన్నాయి. వాటికీ అలంకారాలకూ సంబంధం ఉందని మాత్రం ఎవరికీ తట్టదు, ఎందుకంటే ఒకటి పాఠ్యాంశాల ప్రశ్నల్లో వస్తుంది, ఇంకొకటి వ్యాకరణం ప్రశ్నల్లో వస్తుంది.

ఎండ గురించి ఒక వాక్యం రాయమన్నాను. కాకపోతే తాము కాకుండా ఇంకొకరై రాయాలి. వేటకు వెళ్ళే మనిషి, స్టీల్‌ప్లాంట్ కార్మికుడు, పూర్ణా మార్కెట్లో ఆకుకూరలమ్మే ఆవిడ, పరీక్ష రాసి బయటికొచ్చిన విద్యార్థి. చీటీలు తీసి ఎవరికి ఏది వస్తే అది. తర్వాత ఆ వాక్యాలు కలిపేసి, అన్నది ఎవరో మిగతావాళ్ళు చెప్పాలి.

"ఇసకలో ఆరబెట్టిన చేపలా ఎండిపోయాను." "ఫర్నేసు తలుపు తీసినట్టుంది ఎండ." "మధ్యాన్నానికి నేనూ నా పాలకూరలాగే వాడిపోయాను." "లెక్కల పేపర్ చూసినప్పటిలా కళ్ళు బైర్లు కమ్మాయి." పేర్లు లేకపోయినా ఎవరి మాట ఎవరిదో తరగతి అంతా ఒక్క గొంతుతో చెప్పింది. ఆకుకూరల వాక్యం రాసిన అమ్మాయి వాళ్ళమ్మ నిజంగానే మార్కెట్లో కూర్చుంటుంది. "నేనూ" అన్న మాట దగ్గర ఆ వాక్యం నన్ను పట్టేసింది. ఎండకు వాడిన మనిషి కంటే ముందు వాడిన సరుకు కళ్ళ ముందుకొస్తుంది.

ఉపమానం ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే మాట్లాడేవాళ్ళు ఎవరో తెలుస్తుంది. కథ రాసేవాళ్ళు పాత్ర నోట పోలిక పెడితే అది ఆ పాత్ర బతుకులోంచి రావాలి. ఫర్నేసు ఎప్పుడూ చూడని మనిషి ఫర్నేసు పోలిక తెస్తే అక్కడ పాత్ర పక్కకు తప్పుకుని రచయిత కనిపిస్తాడు. దీన్ని పిల్లలు ఎంత బాగా పట్టుకున్నారంటే, తర్వాత చదివిన పాఠాల్లో "ఈ మాట ఈయన అనడు టీచర్" అని వాళ్ళే వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టారు.

నేపథ్యం, సంఘటన కోసం హుద్‌హుద్‌ను ఎంచుకున్నాం. 2014 అక్టోబరు 12న ఆ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు వీళ్ళు చాలా చిన్నవాళ్ళు. వాళ్ళకు గుర్తుండదు, ఇంట్లో పెద్దలకు గుర్తుంది. ఇంట్లో ఒకరిని అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకురమ్మన్నాను. పడిపోయిన చెట్లు, రోజుల తరబడి లేని కరెంటు, మూగబోయిన ఫోన్లు అందరి కథల్లోనూ ఉన్నాయి. గాలి నడుమ కాసేపు ఆగి, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి మొదలైందని కొందరు పెద్దలు చెప్పారు. తుఫాను కన్ను మీదుగా వెళ్ళినప్పుడు జరిగేది అదే. కథలో మలుపు అంటే ఏమిటో ఇక వేరే చెప్పనక్కర్లేకపోయింది.

ఒక పిల్లవాడి నానమ్మ "పూనకం వచ్చినట్టు ఊగిపోయాయి కొబ్బరి చెట్లు" అందట. అదే వీధిలో ఉండే లారీ డ్రైవర్ ఒకాయన "బ్రేకులు ఫెయిలైన బండిలా వచ్చింది గాలి" అన్నాడట. ఒకే రోజు, ఒకే గాలి, ఇద్దరు మనుషులు. దృక్కోణం అనే మాటకు అర్థం చెప్పమంటే ఇప్పుడు మా తరగతి పిల్లలు ఈ రెండు వాక్యాలూ చెబుతారు.

స్వభావోక్తి

పిల్లలు స్వభావోక్తిని మిగిలినవన్నీ వేసే డబ్బాలా వాడుతున్నారని మొదటి కాగితంలోనే తేలింది. ఏమీ లేకపోతే స్వభావోక్తి. దీన్ని సరిచేయడం అవసరం. ఎందుకంటే ఉన్నది ఉన్నట్టు కళ్ళకు కట్టేలా చెప్పడం అన్నిటికంటే కష్టం. సంస్కృతంలో అలంకారశాస్త్రం రాసిన దండి తన కావ్యాదర్శంలో దీన్నే మొదటి అలంకారంగా లెక్కపెట్టాడు. అదే శాస్త్రం రాసిన కుంతకుడు మాత్రం దీన్ని అలంకారమనే ఒప్పుకోలేదు, వస్తువునే అలంకారం అంటే ఇక అలంకరించేది దేన్ని అని ఆయన అభ్యంతరం. ఇలాంటి వాదం ఉందని తెలిశాక పిల్లలకు ఆసక్తి పెరిగింది. పెద్ద పెద్దవాళ్ళు కూడా ఒప్పుకోని సంగతులుంటాయా అన్న ఆశ్చర్యం.

సింహాచలం పిల్లలందరికీ తెలుసు. ఏడాదంతా స్వామిని చందనం పూతలో చూస్తాం, అక్షయ తృతీయ ఒక్కరోజు నిజరూప దర్శనం. స్వభావోక్తి ఆ ఒక్కరోజు లాంటిదని చెప్పాను. పూత లేదు కాబట్టి చూడ్డానికి ఏమీ లేదని ఎవరూ అనరు, ఆ దర్శనం కోసమే రాత్రంతా క్యూలో నిలబడతారు.

బీచ్‌కు వెళ్ళినప్పుడు ఒక ప్రాణిని చూసి, ‘లా’, ‘లాగా’, ‘అన్నట్టు’ ఒక్కటీ వాడకుండా రాయమన్నాను. చాలామంది కుక్కల మీద రాశారు. ఒకమ్మాయి ఇలా రాసింది: "అల వెనక్కి పోగానే పీత కన్నంలోంచి రెండు కళ్ళు పైకి లేపింది. కాసేపు కదల్లేదు. తర్వాత పక్కకి పరిగెత్తి, ఆగి, నోట్లో ఇసక పెట్టుకుంది. నా నీడ పడగానే మళ్ళీ కన్నంలోకి దూరింది." ఇది చదివాక స్వభావోక్తి లక్షణం విడిగా చెప్పలేదు.

మిగతావి

శబ్దాలంకారాల దగ్గర పెద్దగా ఇబ్బంది రాలేదు. చెవికి తెలుస్తుంది కాబట్టి పిల్లలు ఆడుకుంటూ నేర్చుకున్నారు. "సీతమ్మధార ధారగా కురిసిన వానలో తడిసింది" అని ఒకరు రాస్తే తరగతి చప్పట్లు కొట్టింది. అర్థం వేరైన హల్లుల జంట వెంటవెంటనే వచ్చింది కాబట్టి ఛేకానుప్రాస. "ఆ పాడు బావి దగ్గర కూర్చుని పాట పాడు" అని ఇంకొకరు రాశారు, మధ్యలో వేరే మాటలొచ్చినా అదే పదం వేరే అర్థంతో మళ్ళీ వచ్చింది కాబట్టి యమకం. లాటానుప్రాసకు "అమ్మ చేసే వంట వంట" చాలింది. పదమూ ఒకటే, అర్థమూ ఒకటే, రెండోసారి అనడంలో ఉద్దేశం వేరు.

ఇంగ్లీష్ పాఠంలో నేర్చుకునే సిమిలీ, మెటాఫర్ తెచ్చి ఇక్కడ అతికించడం వల్ల ఒక చిక్కు వస్తుంది. "మా కెప్టెన్ సింహం" అంటే రెండు చోట్లా లెక్క సరిపోతుంది. కెప్టెన్‌ను చూసి "అదుగో, సింహం వచ్చింది" అంటే ఇంగ్లీష్ టీచర్ మెటాఫర్ అనే అంటారు. మన శాస్త్రంలో రూపకానికి ఉపమేయం, ఉపమానం రెండూ చెప్పాలి. ఉపమేయాన్ని పూర్తిగా మింగేసి ఉపమానమే మిగిలితే అది అతిశయోక్తిలో ఒక రకం, రూపకాతిశయోక్తి. ఈ తేడా తొమ్మిదో తరగతికి ఎక్కువేమో అనిపించవచ్చు. అడిగిన పిల్లలకు చెప్పాను, అడగని వాళ్ళ మీద రుద్దలేదు. భరతుడి నాట్యశాస్త్రంలో చెప్పిన అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. అప్పయ్య దీక్షితుల కువలయానందానికి వచ్చేసరికి వందకు పైగా అయ్యాయి. మనుషులు మాటను ఇంకా ఇంకా దగ్గరగా చూసేకొద్దీ పేర్లు పెరిగాయి. చూడడం అలవాటైతే పేర్లు నెమ్మదిగా వస్తాయి.

ఏం మారింది, ఏం మారలేదు

పాఠం అయ్యాక మళ్ళీ కొత్త వాక్యాలతో అలాంటి కాగితమే ఇచ్చాను. అలంకారం లేని చోట "లేదు" అని ధైర్యంగా రాసినవాళ్ళు బాగా పెరిగారు. నాకు అన్నిటికంటే సంతోషమిచ్చిన మార్పు ఇదే. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష మధ్య తేడా చాలామందికి నిలబడింది. అర్థాంతరన్యాసం, దృష్టాంతం మధ్య గందరగోళం అలాగే ఉంది. "తుఫానులో ఆ ముసలి సరంగు బోటును ఒడ్డుకు చేర్చాడు, అనుభవం ఉన్నవాడికి ఆపద లెక్కా" అంటే ప్రత్యేకమైన సంగతిని సామాన్యమైన మాటతో సమర్థించారని చెప్పగలుగుతున్నారు. రెండు వాక్యాలు అద్దంలో బొమ్మల్లా ఒకదానికొకటి ఎదురునిలిచే దృష్టాంతం దగ్గర ఇంకా తడబడుతున్నారు. ఒకే మాటలో రెండర్థాలు పలికించే శ్లేషకు కావలసినంత పదసంపద వీళ్ళకింకా లేదు.

కొత్త తప్పు ఒకటి కూడా వచ్చింది. కొందరు సమన్వయం పేజీ నిండా చక్కగా రాసి, అలంకారం పేరు రాయడం మరిచిపోతున్నారు. పరీక్షలో అది మార్కు పోగొడుతుంది. అందుకని సమన్వయం అయ్యాక పేరు కింద గీత గీయడం అలవాటు చేస్తున్నాను.

మొదటి వరస అమ్మాయి తల్లిగారు బడికి వచ్చి, "లక్షణాలు బట్టీపడితే మార్కులు వస్తున్నాయి కదండీ, ఇదంతా అవసరమా?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. లక్షణాలు మానేయలేదని, చివర్లో అవి కూడా నేర్చుకుంటున్నారని చెప్పి, అమ్మాయి రాసిన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. మొదటిదాంట్లో ఒక్కో జవాబుకు ఒక్కో పేరు ఉంది. రెండోదాంట్లో "ఇది ఉపమలా కనిపిస్తుంది కానీ కాదు, ఎందుకంటే అన్నతో పోల్చడంలో చమత్కారం లేదు, సమాచారమే ఉంది" అని ఆమె సొంత మాటల్లో ఉంది. ఆవిడ అది రెండుసార్లు చదివారు.

హార్బర్ పిల్లవాడి మార్కులు పెద్దగా పెరగలేదు. రాతలో ఒత్తులు, దీర్ఘాలు ఇంకా తప్పుతున్నాయి, వాక్యం మధ్యలో ఆగిపోతుంది. నోటితో అడిగితే మాత్రం తరగతిలో అందరికంటే ముందు చెబుతాడు. అతనికి రాత మీద విడిగా పని కావాలి, అది వేరే పాఠం. అతను చెబుతుంటే పక్కన కూర్చుని మొదటి వరస అమ్మాయి రాసే ఏర్పాటు చేశాను. ఆమెకు వాక్యాలు దొరుకుతున్నాయి, అతనికి తన మాట కాగితం మీద ఎలా ఉంటుందో కనిపిస్తోంది.

ఇక మిగిలింది పద్యం. ఇంతవరకు చేసిందంతా వచనంలో, ఇంటి మాటల్లో. పద్యంలో ‘లాగా’ కనిపించదు. కరణి, పగిది, భంగి, పోలె, చందంబున అని ఉంటుంది. మాటల వరస కూడా తారుమారుగా ఉంటుంది, ఉపమేయం మొదటి పాదంలో ఉంటే ఉపమానం మూడో పాదంలో ఉండొచ్చు. వాచకాల జాబితా ఇచ్చేస్తే మళ్ళీ తాళంచెవుల గుత్తి చేతికిచ్చినట్టే అవుతుంది. కాబట్టి ఇదే పిల్లలు పదో తరగతికి వచ్చినప్పుడు మొదటి కొన్ని వారాలు అలంకారం ఊసెత్తకుండా అన్వయక్రమం మీదే, అంటే పద్యంలో మాటల్ని మామూలు వాక్యం వరసలో పెట్టుకోవడం మీదే పనిచేద్దామనుకుంటున్నాను. పద్యాన్ని వాళ్ళింటి తెలుగులోకి విప్పుకుని, ఎవరు ఎవరితో ఏమంటున్నారో తేల్చుకున్నాక, అవే మూడు ప్రశ్నలు.